విశాఖ నుంచి దక్షిణాకాశం

సంపాదకులకు,

అయ్యా,

చిన్న టెలిస్కోపు కొన్న మన విద్యార్థులు చాలామంది మెసియే పట్టికతోనే (ఫ్రెంచి ఖగోళవేత్త చార్లెస్ మెసియే పేరిట ఉన్న నక్షత్ర గుచ్ఛాలు, నెబ్యులాలు, గెలాక్సీల జాబితాతోనే) సరిపెట్టుకుంటున్నారు. ప్రధానంగా పారిస్ నుంచి చూసి కూర్చిన ఆ 110 వస్తువుల పట్టిక, దక్షిణాన వృశ్చికం తోక పక్కనున్న ఎం7 నక్షత్ర గుచ్ఛంతో ఆగిపోతుంది. అంతకంటే దక్షిణాన ఉన్నవి కూడా కొన్ని మనకు కనిపిస్తాయి, అన్నీ కాదు. ఆస్ట్రేలియావారు మెచ్చే ‘47 టుకానే’ అనే నక్షత్ర గుచ్ఛం మనకు క్షితిజాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది.

విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు కనుక, 72 (90లోంచి అక్షాంశం పోగా మిగిలేది) నుంచి ఒక వస్తువు దక్షిణ క్రాంతిని, అంటే ఖగోళ మధ్యరేఖకు అది ఎన్ని డిగ్రీలు దక్షిణాన ఉందో ఆ సంఖ్యను, తీసివేస్తే ఆ వస్తువు గరిష్ఠంగా ఎంత ఎత్తుకు వస్తుందో తెలుస్తుంది; అది 20 డిగ్రీలకు తగ్గితే సముద్రపు తేమ దానిని సగం మింగేస్తుంది. ఆ లెక్కన నా మొదటి ఎంపిక ఒమేగా సెంటారీ. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గోళాకార గుచ్ఛం (బంతిలా కూడిన నక్షత్రాల గుంపు), మే నెల మధ్యలో రాత్రి పది గంటలకు దాదాపు సరిగ్గా దక్షిణాన, 25 డిగ్రీల ఎత్తున ఉంటుంది. భీమిలి తీరం నుంచి 80 మిల్లీమీటర్ల టెలిస్కోపులో, తక్కువ వృద్ధిలో చూస్తే, బియ్యప్పిండి చల్లినట్లు కనిపిస్తుంది. పడవల దీపాలు అడ్డురాకూడదు, అంతే.

కరీనా నెబ్యులా (వెలుగుతున్న వాయు మేఘం) 12 డిగ్రీలే లేచినా, దాని ప్రకాశం కోసం నేను నా నియమాన్నే తప్పుతాను. దానికి ఏప్రిల్ మొదటి వారం అనువైనది. వృశ్చికం తోక వంపులోని ఎన్‌జీసీ 6231 అనే నక్షత్ర గుచ్ఛం మాత్రం 30 డిగ్రీలకు వస్తుంది కనుక, దానికి నగరంలోని మేడ చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం