విమానం ఎవరిదో కూడా రాయండి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం క్రీడల పేజీలో ఐపీఎల్ జట్లు మొత్తంగా అద్దెకు తీసుకునే చార్టర్ విమానాల మీద వచ్చిన వ్యాసం చదివాను. కాళ్లు చాపుకునే సీట్లు, వేడి వేడి బిర్యానీ, క్యూ లేని చెకిన్, అన్నీ చక్కగా రాశారు. 2024 మే నెలలో కోల్‌కతా నైట్ రైడర్స్ పడిన ‘అవస్థ’ కూడా అందులోనే ఉంది. లక్నో నుంచి కోల్‌కతా బయల్దేరిన వాళ్ల చార్టర్ వాతావరణం బాగాలేక గువాహటి వెళ్లింది. మళ్లీ ప్రయత్నించినా కోల్‌కతాలో దిగడం కుదరక అర్ధరాత్రి దాటాక వారణాసి చేరింది.

నేను బేగంపేట విమానాశ్రయంలో ఫ్లయిట్ డిస్పాచర్‌గా, అంటే విమానం ఎగిరే ముందు ఇంధనం, బరువు, దారి లెక్కలు చూసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. మీకు అవస్థగా తోచినది నాకు శుభవార్తలా కనిపించింది. దిగాల్సిన ఊరు కుదరకపోతే ఇంకో ఊరికి పోగలిగారంటే ట్యాంకులో ఇంధనం ఉందన్నమాట. బయల్దేరే ముందే ఎవరో కూర్చుని లెక్క వేశారన్నమాట. గమ్యానికి సరిపడా, దారిలో తేడాలు వస్తే ఇంకొంత, అక్కడ దిగలేకపోతే ఆల్టర్నేట్‌కి, అంటే ముందే ఎంచుకున్న మరో విమానాశ్రయానికి పోయేంత, ఆపైన గాలిలో మరో 30 నిమిషాలు తిరిగేంత. జెట్ విమానానికి ఇది కనీసం. బిర్యానీ ఆ తర్వాత సంగతి.

ఈ లెక్క వేయకపోతే ఏమవుతుందో 2016 నవంబర్ 28 రాత్రి కొలంబియాలో చూశాం. బ్రెజిల్‌లోని చాపెకోయెన్సె ఫుట్‌బాల్ జట్టు దక్షిణ అమెరికా క్లబ్బుల టోర్నీ కోపా సుడమెరికానా ఫైనల్ ఆడటానికి కొలంబియాలోని మెడెలిన్ బయల్దేరింది. లామియా అనే చిన్న బొలీవియా కంపెనీ చార్టర్ మాట్లాడుకున్నారు. బ్రెజిల్ నుంచి నేరుగా ఎగరడానికి ఆ దేశపు అధికారులు దానికి అనుమతి ఇవ్వలేదు. అక్కడితోనైనా ఎవరికైనా అనుమానం రావాలి. రాలేదు. జట్టు మామూలు విమానంలో బొలీవియాలోని శాంతాక్రూజ్ వెళ్లి, అక్కడ లామియా విమానం ఎక్కింది. దాదాపు 3000 కిలోమీటర్ల దూరం. ఫ్లయిట్ ప్లాన్‌లో ప్రయాణ సమయం 4 గంటల 22 నిమిషాలు. ట్యాంకులో ఉన్న ఇంధనం ఎంతసేపు వస్తుందన్న గడిలోనూ అదే అంకె, 4 గంటల 22 నిమిషాలు. ఆ కాగితం చూస్తే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

అక్కడి విమానాశ్రయ అధికారిణి ఒకరు ఆ అంకెల మీద అభ్యంతరం చెప్పానని తర్వాత వెల్లడించారు. విమానం మాత్రం ఎగిరింది. పైలట్టే కంపెనీ యజమానుల్లో ఒకడు, ఇంధనం కోసం మధ్యలో ఆగితే ఖర్చు ఆయన జేబులోంచే. మెడెలిన్ దగ్గర ఇంకో విమానానికి ముందు దారి ఇవ్వాల్సి వచ్చి ఆకాశంలో చుట్లు కొట్టారు. ఇంజిన్లు ఆగిపోయాయి, కొండను ఢీకొట్టింది. 77 మందిలో 71 మంది పోయారు. నిప్పు అంటుకోలేదు, అంటుకోవడానికి లోపల ఏముంది గనక? లామియా డిస్పాచర్ కూడా అదే విమానంలో ఉండి చనిపోయాడు. మెస్సీతో సహా అర్జెంటీనా జట్టు అదే నెలలో అదే విమానంలో ప్రయాణించిందన్న సంగతి అప్పుడు పేపర్లలో వచ్చింది. పేరున్న జట్టు ఎక్కిందంటే మంచి విమానమే అయి ఉంటుందని అందరూ అనుకుంటారు.

మన దగ్గర అలా జరగదని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. ఐపీఎల్ జట్లు ఎక్కువగా పెద్ద ఎయిర్‌లైన్స్ విమానాలే తీసుకుంటాయి కాబట్టి అక్కడ నాకూ పెద్ద టెన్షన్ లేదు. నా బాధంతా చిన్న జట్ల గురించి, తక్కువ రేటుకి దొరికిందని ఏదో ఒకటి మాట్లాడుకునే నిర్వాహకుల గురించి. బేగంపేటలో ఒకసారి ఒక చార్టర్‌కి కిట్ బ్యాగుల బరువు తూచకుండా అంచనాగా రాసిచ్చారు. తూస్తే చాలా ఎక్కువ తేలింది. బ్యాగులు కొన్ని దించండి అంటే, ‘ఇంధనమే కాస్త తగ్గించండి సార్, గంట ప్రయాణమేగా’ అన్నాడు నిర్వాహకుడు. బ్యాగులే దించాం, ఆయన చాలాసేపు తిట్టాడు. అప్పుడు మా పైవాళ్లు నా పక్షాన నిలబడ్డారు కాబట్టి సరిపోయింది.

మీ విలేకరులకు నా విన్నపం ఒకటే. ఈసారి జట్టు చార్టర్ గురించి రాసేటప్పుడు ఆపరేటర్ ఎవరు, పర్మిట్ ఏమిటి, డిస్పాచర్ వద్దంటే విమానం ఆగుతుందా అని కూడా అడగండి. మన క్రీడా సంఘాలవాళ్లూ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఇవే అడగాలి. సీటు వెడల్పు ఎంతో ఆటగాళ్లే చూసుకుంటారు.

– విశ్రాంత ఫ్లయిట్ డిస్పాచర్, సికింద్రాబాద్