పెద్ద టైర్ల బండ్లు: తనిఖీ దుకాణాల దగ్గరే మొదలుపెట్టాలి

సంపాదకులకు,

అయ్యా,

ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకు సాయంత్రాలు తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల్లో, బాడీని పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయించి, కంపెనీ టైర్లు తీసేసి, 33 లేదా 35 అంగుళాల టైర్లు బిగించుకున్నవి ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. కుర్రకారు సరదా అని మనం సరిపెట్టుకుంటున్నాం గాని, ఆ సరదా వల్ల ఎక్కువ ముప్పు పక్కన స్కూటరు మీద వెళ్లేవారికే. రవాణా శాఖ దీన్ని పట్టించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ తరగతి వాహనాల్లో కనిపించే 245/75 ఆర్16 సైజు టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 33 అంగుళాల టైరు, అంటే దాదాపు 838 మిల్లీమీటర్లది వేస్తే, చక్రం ఒక్కో చుట్టుకు ఎనిమిది శాతానికి పైగా ఎక్కువ దూరం దొర్లుతుంది. స్పీడోమీటరుకు ఆ సంగతి తెలియదు కనుక అది పాత లెక్కనే 80 చూపిస్తుంటే, బండి మునుపటి 80 కన్నా ఆరేడు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. వేగం ఎనిమిది శాతం పెరిగితే బ్రేకులు అణచాల్సిన శక్తి పదిహేడు శాతం దాకా పెరుగుతుంది. దానికి తోడు చక్రం బరువెక్కుతుంది, వ్యాసార్ధం పెరిగినందున అదే బ్రేకు డిస్కు నేల దగ్గర చూపగలిగే పట్టు తగ్గుతుంది. చక్రం పెద్దదైనందున, సింహాచలం కొండ దిగేటప్పుడు గేరులో ఉంచినా ఇంజను మునుపటంతగా బండిని నిలవరించదు. ఇంజను శక్తిని చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌లో క్రౌన్, పినియన్ అనే పళ్లచక్రాలు మార్పిస్తే ఈ గేరు లోపం సర్దుకుంటుంది గాని, టైర్లకూ రిమ్ములకూ ఖర్చు పెట్టాక అంతదాకా వెళ్లేవారు అరుదనే నా అనుమానం.

ఇంతా చేసి, లిఫ్ట్ కిట్ బాడీని లేపుతుందే గాని వెనుక ఇరుసును లేపదు. ఇరుసు కింద రాళ్లకు తగలకుండా అదనంగా దక్కేది టైరు వ్యాసంలో పెరిగినదాంట్లో సగం, అంటే 32 మిల్లీమీటర్లే. లేచిన బాడీతో పాటు బండి గరిమనాభి (బరువు కేంద్రం) పైకి పోయి మలుపుల్లో బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది, బంపర్ చిన్న కారు బంపర్‌కు ఎదురుగా ఉండదు, హెడ్‌లైట్ల కోణం సరిచేయించకపోతే వెలుతురంతా ఎదుటివారి కళ్లలోకే కొడుతుంది.

చట్టం లేక కాదు. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182-ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చంటోంది. అయితే ఆ శిక్ష యజమానికే. టైర్లు బిగించి డబ్బు తీసుకున్న దుకాణాన్ని అడిగేవారు కనబడరు. పైగా సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి, అన్నేళ్లూ అది ఫిట్‌నెస్ పరీక్షకు రానక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి హనుమంతవాక కూడలి దగ్గర ఆపి చలానా రాసినా, బండి అవే టైర్లతో ముందుకు సాగిపోతుంది.

అరకు, పాడేరు వైపు మట్టి దారుల్లో నిజంగా తిరగాల్సినవారి అవసరాన్ని నేను కాదనను. వారిలో చాలామందికి తయారీదారు అనుమతించిన, మట్టి దారికీ తారు రోడ్డుకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లే సరిపోతాయి. అందుచేత ఏ మోడల్‌కు ఏ సైజు వరకు అనుమతి ఉందో తెలిపే పట్టికను రవాణా శాఖ ప్రకటించి, టైర్ల దుకాణాల్లో కనబడేలా పెట్టించాలి. బిల్లు మీద వాహనం నంబరు, బిగించిన సైజు రెండూ రాయడం తప్పనిసరి చేసి, ఆ బిల్లులను అప్పుడప్పుడు తనిఖీ చేయాలి. రోడ్డు మీద పట్టుబడిన బండికి చలానాతో సరిపెట్టకుండా, పాత సైజు టైర్లు వేసుకుని మళ్లీ చూపించేందుకు గడువు పెట్టాలి. చలికాలం అరకు రద్దీ మొదలయ్యేలోపు కనీసం ఆ పట్టికైనా విడుదల చేయాలని రవాణా శాఖ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం