మలేరియా బాబు గుమస్తా కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ జిల్లా పేజీ అడుగున, టెంట్‌హౌస్ ప్రకటన పక్కన, 'ఆరోగ్య శాఖ విశ్రాంత గుమస్తా మృతి' అని నాలుగు లైన్లు వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో నోరు జారుతుందని పన్నెండో రోజు కార్యం అయ్యేదాకా ఆగాను. కోపమైతే తగ్గలేదు.

ఆయన గుమస్తా కాదు. మలేరియా వర్కరుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యారు. చేరినప్పుడు మనది ఇంకా ఒడిశాలోని కోరాపుట్ జిల్లాయే, రాయగడ జిల్లాగా విడిపోయింది 1992లో కదా. బిస్సంకటక్, మునిగుడ, కల్యాణసింగ్‌పూర్ పక్క ఏ కొండ ఊళ్లో అడిగినా 'మలేరియా బాబు' అంటే చాలు. అసలు పేరు మా లాబ్‌లోనే సగం మందికి తెలియదు. మీ విలేకరికి తెలియకపోవడం వింత కాదు గానీ, ఒక్క ఫోను చేస్తే పోయేది.

నేను ఆయనతో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆయన కొండ మీద స్లైడులు తీసేవారు, నేను కింద మైక్రోస్కోపు ముందు కూర్చునేవాణ్ణి. ఇప్పటి పిల్లలకి కిట్టు మీద గీతలు చూడటమే తెలుసు కనుక చెబుతున్నాను. జ్వరం మనిషి ఎడమచేతి ఉంగరం వేలు పొడిచి, ఒకే గాజు పలక మీద ఒక మందపాటి పూత, ఒక పలచటి పూత వేసి, ఆరబెట్టి నంబరు రాయాలి. వానాకాలంలో అది ఓ పట్టాన ఆరదు. ఈలోపు చీమలో ఈగలో తినేస్తాయి. ఆయన పెట్టెలో మాత్రం ఒక్కటి పాడైంది నేను చూడలేదు. స్లైడులు టిఫిన్ క్యారియర్‌లో పెట్టి, తన అన్నం ఆకులో కట్టుకుని తిరిగేవారట. ఆ సంగతి వాళ్లావిడ చెబితే మొన్న తెలిసింది.

నెగిటివ్ అని రాయాలంటే మేం స్లైడుని జరుపుతూ 100 ఫీల్డులు, అంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనబడేంత మేర చొప్పున వంద చోట్ల, చూడాలి. సాయంత్రానికి కళ్లు మండిపోయేవి. ఓసారి నేను అరవై దగ్గరే ఆపేశానని ఆయన కనిపెట్టారు. పల్లెత్తు మాట అనలేదు. ఆ స్లైడు ఏ పిల్ల రక్తమో, ఆ పిల్ల వయసెంతో, ఆ ఇంటికి ఎన్ని వాగులు, గెడ్డలు దాటి వెళ్లాలో చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ పెట్టి చూస్తే ఎనభై దాటాక కనబడింది, అరటిపండు ఆకారంలో, పీఎఫ్, అంటే ప్రాణం మీదకి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా క్రిమి. ఆ తర్వాత నేను వందకి తక్కువ ఎప్పుడూ చూడలేదు.

అప్పట్లో ప్రతి ఇంటి గోడకీ స్టెన్సిల్ ఉండేది, మలేరియా వర్కరు వచ్చిన తేదీలు వేసే గళ్ల పట్టీ అన్నమాట. పదిహేను రోజులకోసారి వెళ్లి తేదీ వేసి పొట్టి సంతకం చేయాలి. ఒకే పూటలో ఆరు తేదీలు వేసేసి కొండ దిగిన మహానుభావులూ ఉన్నారు. వాళ్లకి ప్రమోషన్లు ముందొచ్చాయి, అది వేరే కథ.

మీరు అదే పేజీలో పైన వేసిన ఫొటో సంగతి కూడా చెప్పాలి. మలేరియా తగ్గించినందుకు నాలుగు కాలమ్‌ల నిండా శాలువాలు! ఒడిశాలో 2016లో 4 లక్షలు దాటిన కేసులు 2019కి 40 వేల లోపుకి దిగాయి, నిజమే. 2017లో కోటికి పైగా దోమతెరలు పంచారు. 'దమన్' అని పేరు పెట్టి, దారి లేని ఊళ్లకు వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తం పరీక్ష చేశారు. మంచి పనే. కానీ జ్వరమే లేదు, రక్తమెందుకని తలుపేసుకున్న ఇళ్ల ముందు కూర్చుని, వాళ్ల కువి భాషలో బతిమాలిందెవరు? అప్పటికే రిటైరైన ఈ 'గుమస్తా'. టీఏ లేదు, లిస్టులో పేరు లేదు. 2023లో కేసులు మళ్లీ 40 వేలు దాటాయి. శాలువాలు వెనక్కి ఇచ్చారేమో మీరే కనుక్కుని రాయాలి.

మంత్రి గారు వస్తున్నారంటే ముందురోజు సాయంత్రం టౌన్‌లో పొగ కొడతారు. మన కొండల్లో మలేరియా మోసే దోమ మురుగుకాలవలో పుట్టేది కాదయ్యా, గడ్డి అంచున్న సెలయేట్లో పుట్టేది అని ఆయన ప్రతి మీటింగులో లేచి చెప్పేవారు. 'కూర్చోండి బాబూ' అనేవారు. సెలయేటి దగ్గర ఫొటోగ్రాఫరు ఉండడు మరి.

ఇంకొకటి. ఆయన పార్వతీపురం నుంచి వచ్చి స్థిరపడ్డారని రాశారు. పుట్టింది మన రాయగడ జిల్లాలోని గుణుపురం, చదివింది గుణుపురం. తెలుగు పేరు కనబడితే చాలు, ఆంధ్ర నుంచి వచ్చాడనేస్తారా? ఇంకెవరో అంటే సరే, తెలుగు పేపరు కూడానా? ఇక్కడ మా మనవలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మీ పేపరు డబ్బులిచ్చి కొనేది మాలాంటి ముసలాళ్లమే. నాలుగు లైన్లలో రెండు తప్పులు మా ముఖాన కొట్టారు.

సవరణ వేయండి. టెంట్‌హౌస్ పక్కన వద్దు. 'మలేరియా సూపర్‌వైజర్, గుణుపురం వాస్తవ్యులు' అని వేస్తే చాలు, పొగడ్తలు అక్కర్లేదు. నా పేరు మాత్రం వేయకండి, నా పెన్షన్ ఎరియర్స్ ఫైలు ఇంకా ఆ శాలువాల వాళ్ల బల్ల మీదే ఉంది.

– ఒక రిటైర్డ్ లాబ్ టెక్నీషియన్, రాయగడ