బత్తాయి తొక్క సాయంత్రానికే మెత్తబడిపోతుంది, మంత్రిగారూ

రాష్ట్ర ఆహార శుద్ధి పరిశ్రమల శాఖ మంత్రిగారికి నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి వెనక షెడ్డులో జామ్‌లు, జెల్లీలు చేసి అమ్ముకుంటాను. జామకాయ జెల్లీతో నాకు పేచీ లేదు, జామ్‌ని గడ్డకట్టించే పెక్టిన్ అనే పదార్థం కాయలోనే దండిగా ఉంటుంది. అనాస జామ్‌తోనే తంటా. పెక్టిన్ వేయకపోతే ఎంతసేపు ఉడికించినా గరిట మీంచి జారిపోతుంది. అందుకని నెలకో ప్యాకెట్ కొంటాను. దాని మీద ఐఎన్ఎస్ 440 (తినే వస్తువుల్లో కలిపే పెక్టిన్‌కి ఇచ్చిన నంబరు) అనీ, దిగుమతి సరుకనీ ఉంటుంది. కిలో లెక్కన చూస్తే నా షెడ్డులో అంత ఖరీదైన వస్తువు ఇంకొకటి లేదు.

ఆ ప్యాకెట్ పట్టుకుని వచ్చే దారిలో జ్యూస్ బండ్ల పక్కన గోతాల నిండా బత్తాయి తొక్కలు, వాటి చుట్టూ ఈగలు. ప్యాకెట్లో ఉన్నదీ ఆ గోతాల్లో ఉన్నదీ ఒకటే సరుకండీ. తొక్క లోపలి తెల్లటి మెత్తని పొరలో ఉండేది పెక్టినే. బాగా ఎండిన నిమ్మజాతి తొక్కలో నూటికి 20 నుంచి 30 పాళ్లు అదే ఉంటుంది.

నేను చేసి చూశాను. తెలిసిన బండి అబ్బాయి దగ్గర అప్పుడే పిండిన తొక్క తెచ్చి, కడిగి, సన్నగా తరిగి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గంటకు పైగా సన్న సెగ మీద ఉంచాను. బట్టలో వడకడితే గంజిలాంటి నీరు దిగింది. ఓ చెంచాడు గాజు గ్లాసులో పోసి, దాని మీద మూడు చెంచాల స్పిరిట్ (ఆల్కహాల్) పోశాను. నిమిషంలో అడుగున జిగురు గడ్డ కట్టింది, ఫోర్కుతో ఎత్తితే మొత్తం ఒకే ముద్దగా లేచింది. (పెక్టిన్ ఎంతుందో చూసే పరీక్ష మాత్రమే అది, పారబోశాను.) మర్నాడు అదే బండి దగ్గర రాత్రి పదింటికి మిగిలిన తొక్క తెచ్చి చేశాను. గ్లాసులో నాలుగు పీచులు తేలాయి, అంతే.

నా బాధంతా ఆ రెండు గ్లాసుల మధ్య తేడాలోనే ఉంది. తొక్కలో ఉండే ఎంజైమ్‌లు, దాని మీద పెరిగే బూజు కలిసి పెక్టిన్‌ని తినేస్తాయి. మన మే నెల ఎండకు తొక్క సాయంత్రానికే మెత్తబడుతుంది. వెంటనే కడిగి, కాసేపు మరిగే నీళ్లలో ముంచి తీసి, ఓ మాదిరి వేడి మీద గలగలలాడేలా ఎండబెడితే మాత్రం నెలల తరబడి నిలవుంటుంది. ప్రపంచంలోని పెద్ద పెక్టిన్ ఫ్యాక్టరీల్లో ఒకటి డెన్మార్క్‌లో ఉంది. ఆ చలిదేశంలో నిమ్మతోటలెక్కడివి? లాటిన్ అమెరికా నుంచి ఎండు తొక్కను ఓడల్లో తెప్పించుకుంటారు. సముద్రాలు దాటే సరుకు మన దగ్గర కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్ దాటి వెళ్లలేకపోతోంది.

ఈ సంగతి చెప్పుకోవడానికి ఒక కార్యాలయానికి వెళ్లాను. "తొక్కంటే చెత్త కదమ్మా, చెత్త చూసేవాళ్ల దగ్గరికి వెళ్లండి" అన్నారు. వాళ్ల దగ్గరికి వెళితే "తినే వస్తువులో కలిపేదైతే మా పరిధిలోకి రాదు" అన్నారు. ఏడాదిన్నరగా అటూ ఇటూ తిరుగుతున్నాను.

పెక్టిన్ ఫ్యాక్టరీ పెట్టమని అడగడం లేదు. ఆ పని ఇంట్లో చేసేది కాదని నాకూ తెలుసు. పులుపు నీళ్లలో దిగిన పెక్టిన్‌ని పేరబెట్టడానికి ఆల్కహాల్ పీపాల కొద్దీ కావాలి, దాన్ని మళ్లీ ఆవిరి చేసి, చల్లార్చి రాబట్టుకోవాలి, నిప్పంటుకునే భయం, ఎక్సైజ్ అనుమతుల గొడవ. అది పెద్దవాళ్ల పని. నేనడిగేది ఒక్క షెడ్డు. పండ్ల మార్కెట్ దగ్గర ఒక కడుగుడు తొట్టి, ఒక బాయిలర్, వానాకాలంలో కూడా నడిచే డ్రైయర్. 2020లో మొదలైన కేంద్ర సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో ఉమ్మడి సదుపాయాలకు 35 శాతం సబ్సిడీ పెట్టారు, అలాంటి పథకం కింద పెట్టొచ్చు. తెనాలి నిమ్మ మార్కెట్లో గ్రేడింగ్‌లో తీసి పారేసే కాయలకూ ఇది పనికొస్తుంది. బత్తాయి కన్నా నిమ్మ తొక్క పెక్టిన్‌కి పెట్టింది పేరు.

లెక్క చెబుతాను. నూరు కిలోల పచ్చి తొక్క ఎండితే ఇరవై కిలోలవుతుంది. అందులోంచి పెక్టిన్ మూడు, నాలుగు కిలోలు వస్తే మహా గొప్ప. ఒక బండితో ఇది గిట్టదు. ఊళ్లో బండ్లన్నిటి తొక్కా ఒకచోటికి చేరితేనే గిట్టుబాటు. బండివాళ్లకు మూత ఉన్న శుభ్రమైన డబ్బాలిచ్చి, పూటకోసారి ఆటో తిప్పి, కిలోకి ఎంతో కొంత ఇస్తే వాళ్లే జాగ్రత్తగా తీసిపెడతారు.

ఒక మాట దాచను. తోటలో కొట్టిన పురుగుమందు ఎక్కువగా తొక్కకే అంటుకుని ఉంటుంది. కాబట్టి తినే సరుక్కి వాడేముందు ప్రతి లాటునూ ల్యాబులో చూపించాల్సిందే. ఆ పరీక్ష ఖర్చు నాలాంటివాళ్లు మోయలేరు. షెడ్డుకన్నా ముందు మీ శాఖ ఒప్పుకోవలసింది దానికే.

అన్నిటికన్నా ముందు, ఖర్చులేని పని ఒకటుంది. పిండిన కొన్ని గంటల్లోపు సేకరించిన నిమ్మజాతి తొక్క చెత్త కాదు, ముడిసరుకు అని మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు ఇప్పించండి. ఈసారి ఆ కాగితం పట్టుకుని వెళతాను.

ఇట్లు,
ఒక జామ్ తయారీదారు,
సత్యనారాయణపురం, విజయవాడ.