బొమ్మలో ఎండ, ఇంట్లో చీకటి

సంపాదకులకు,

పాత నేత మిల్లు షెడ్డును అపార్ట్‌మెంట్లుగా మారుస్తామంటూ ఒక సంస్థ పంచిన బ్రోచర్ చూశాను. రంపపు పళ్లలాంటి పైకప్పు అద్దాల్లోంచి పడకగదిలోకి ఎండ ధారగా పడుతున్నట్లు కంప్యూటర్ బొమ్మ. ఆ అద్దాలను మన దేశంలో సాధారణంగా ఉత్తరానికి పెడతారు. ఎండ నేరుగా పడకుండా మగ్గాల మీద వెలుతురు సమంగా పరుచుకోవాలన్నదే ఉద్దేశం. ఇక షెడ్డు నడిమధ్య ఇళ్లకు కిటికీ ఏ గోడకు పెడతారో! బొమ్మలో అక్కడ పూలకుండీ ఉంది. వియన్నాలో 1899 నాటి భారీ గ్యాస్ నిల్వ ట్యాంకులను 2001కల్లా ఇళ్లుగా మార్చినప్పుడు ఇటుక గోడలు అలాగే ఉంచి, లోపల లోగిళ్లు వదిలి వెలుతురు తెచ్చారు. కొనేవారు దిక్కుల గుర్తు ఉన్న ప్లాను, మధ్య ఇంటి సెక్షన్ డ్రాయింగ్ (భవనాన్ని నిలువుగా కోసినట్లు లోపలిని చూపే బొమ్మ) అడిగి తీసుకోవాలి.

– ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్, సికింద్రాబాద్