ఒక్కో కన్నూ విడిగా చూడమ్మా

అమ్మడూ,

బాబు ఎండలోకి రాగానే ఎడమ కన్ను మూసేసుకుంటున్నాడని, ఫొటోల్లో తల ఎప్పుడూ ఒక పక్కకే వాలి ఉంటోందని మొన్న ఫోన్లో అన్నావు. అడిగితే బాగానే కనబడుతోందంటున్నాడు కదా, అలవాటేమోలే అని నువ్వే సర్దిచెప్పుకున్నావు. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు తల్లీ. అందుకే వివరంగా రాస్తున్నాను.

మూడేళ్ల పిల్లాడు తనకు చూపు సరిగా లేదని చెప్పలేడు. పుట్టిన దగ్గర నుంచి మసగ్గానే కనబడుతుంటే, అందరికీ అంతేననుకుంటాడు. పైగా ఒక కన్ను బాగుంటే చాలు, పరిగెడతాడు, నేల మీద పడ్డ చిన్న పూస కూడా ఏరుకుంటాడు. రెండో కంటి మీద ఎవరికీ అనుమానం రాదు.

ఆ రెండో కన్ను గురించే నా బెంగ. ఒక కంటికి పవర్ బాగా ఎక్కువున్నా, మెల్ల ఉన్నా, అందులోంచి వచ్చే బొమ్మ స్పష్టంగా ఉండదు, లేదా రెండో కంటి బొమ్మతో కలవదు. మెదడు నెమ్మదిగా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. లేజీ ఐ అంటున్నది దీన్నే. కన్ను పైకి బాగానే ఉంటుంది, చూపు మాత్రం ఎదగదు. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పసి పిల్లికూనలకు ఒక కన్ను కొంతకాలం మూసి ఉంచారు. తర్వాత తెరిచినా ఆ కంటితో అవి సరిగా చూడలేకపోయాయి. పెద్ద పిల్లులకు అలా జరగలేదు. చూపు గురించి చేసిన పరిశోధనలకు వాళ్లిద్దరికీ 1981లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మనుషుల్లోనూ చూపు కుదురుకునే వయసంటూ ఒకటుంది. ఏడేళ్లలోపు చికిత్స మొదలైతే ఫలితం బాగుంటుంది, ఆపైన కష్టమవుతూ పోతుంది. పెద్దయితే అదే సర్దుకుంటుందని ఎవరన్నా వినకు.

ఇంట్లో ఒకటి చేసి చూడు. వాడు ఇష్టంగా బొమ్మల పుస్తకం చూస్తున్నప్పుడు, ఆటలాగా ఒక కన్ను అరచేత్తో మూయి. కాసేపాగి రెండోది మూయి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, ఇంకోటి మూసినప్పుడు మాత్రం నీ చెయ్యి తోసేసినా, ఏడ్చినా, తెరిచి ఉన్న కంటిలో చూపు తక్కువని అనుమానించాలి. తేడా ఏమీ తెలియకపోయినా డాక్టరుకు చూపించడం మానకు. ఇది అనుమానం కోసమే గానీ పరీక్షకు బదులు కాదు.

టీవీకి దగ్గరగా కూర్చుంటున్నాడని మీ ఆయన కంగారు పడుతున్నాడన్నావు. అదొక్కటే అయితే అంత టెన్షన్ అక్కర్లేదు, కళ్లు బాగున్న పిల్లలు కూడా అలా కూర్చుంటారు. దాంతో పాటు కళ్లు చికిలించడం, దూరాన ఉన్న మనిషిని పోల్చుకోలేకపోవడం, మెట్ల దగ్గర తడబడటం, వస్తువు అందుకోబోయి పక్కన చెయ్యి వేయడం కూడా ఉంటే ఆలస్యం చేయకూడదు.

ఫ్లాష్‌తో తీసిన ఫొటోలు ఒకసారి పెద్దవి చేసి చూడు. ఒక కంటిపాప ఎర్రగా, ఇంకోటి తెల్లగా మెరుస్తుంటే వారాలు ఆగే పని కాదు, వెంటనే వెళ్లాలి. చాలాసార్లు అది కెమెరా కోణం వల్లే కావచ్చు. కానీ శుక్లం వల్ల రావచ్చు, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్లా రావచ్చు. ఆ క్యాన్సర్ ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల్లోనే బయటపడుతుంది, త్వరగా పట్టుకుంటే నయమవుతుంది. భయపెట్టాలని కాదమ్మా, ఇది ప్రతి తల్లికీ తెలిసుండాలని నా ఆరాటం.

రెండో బిడ్డ రాబోతోంది కాబట్టి ఇదీ గుర్తుంచుకో. మొదటి మూడు నాలుగు నెలల్లో కళ్లు అప్పుడప్పుడు ఒక పక్కకు పోవడం మామూలే. ఆ తర్వాత కూడా పోతున్నా, ఎప్పుడూ పక్కకే ఉన్నా చూపించాలి. మూడో నెలకు నీ ముఖం వైపు చూసి, కదిలే బొమ్మను కళ్లతో వెంబడించాలి. నల్లగుడ్డు పెద్దదిగా, మబ్బుగా ఉండి వెలుతురు చూడలేకపోతే లోపల ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. నెలలు బాగా తక్కువతో పుడితే మొదటి వారాల్లోనే రెటీనా (కంటి వెనకున్న పొర) పరీక్ష చేయించమని నువ్వే అడుగు.

అక్షరాలు రాని పిల్లాణ్ణి ఎలా పరీక్షిస్తారన్నావు. చుక్కల మందు వేసి కంటిపాప పెద్దదయ్యాక, లైటు వేసి చూసి పవర్ తెలుసుకుంటారు. వాడు నోరు విప్పక్కర్లేదు. మందును బట్టి కొన్ని గంటలో, కొన్ని రోజులో దగ్గరివి మసగ్గా కనబడతాయి, వెలుతురు చూడలేడు, అంతే. అవసరమైతే కళ్లద్దాలిస్తారు. బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్, అంటే కన్ను మూసే పట్టీ, వేయమనవచ్చు. దాంతో చూపు తక్కువైన కన్ను పని మొదలుపెడుతుంది. పిల్లాడు పీకేస్తాడు, గొడవ చేస్తాడు. జాలిపడి ఆపకండి.

పిల్లల కళ్లు చూసే డాక్టరు దగ్గరికే వెళ్లండి. తల వాల్చి ఉన్న ఫొటోలు తీసుకెళ్లు, ఎండలో మూసేది ఎప్పుడూ ఎడమదేనా అన్నది చెప్పు. మీ మామగారికి చిన్నప్పుడు మెల్ల ఉండేదన్నావు కదా, అడగకపోయినా ఆ మాట కూడా చెప్పు. అపాయింట్‌మెంట్ దొరకగానే నాకు ఫోన్ చెయ్యి.

నాన్న