మౌస్ నాది, కీబోర్డు నీది

హెల్సింకి,
జనవరి, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. సాయంత్రం నాలుగైనా కాకుండానే చీకటి పడుతోంది, బయట అంతా మంచు. నిన్న ఇల్లు కదలకుండా ఒక ఘనకార్యం చేశాను. మన పాత కంప్యూటర్ ఆట ప్రాజెక్ట్ ఐజీఐ నా లాప్‌టాప్‌లో నడుస్తోంది! అదీ విండోస్ బదులు వేసుకునే లినక్స్‌లో.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది కదా. నా లాప్‌టాప్ విండోస్ 11కు పనికిరాదు. బాగున్నదాన్ని పారేయడానికి మనసొప్పక లినక్స్ వేశాను. అది పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే; 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మొదలుపెట్టాడు.

ఐజీఐ 2000లో విండోస్ కోసం వచ్చిన ఆట. దాన్ని లినక్స్‌లో నడిపేది వైన్ అనే ప్రోగ్రాము. తాగేది కాదని అమ్మకు ముందే చెప్పు. ఆట విండోస్‌ను ఏది అడిగినా వైన్ మధ్యలో అందుకుని లినక్స్‌తో ఆ పని చేయిస్తుంది.

ఊరగాయ సీసాల మధ్య తెచ్చుకున్న సీడీ పెట్టి సెటప్ నొక్కితే చలనం లేదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచి నడిపితే వైన్32, అంటే 32 బిట్ల ప్రోగ్రాములకు కావాల్సిన వైన్ భాగం, లేదని చెప్పింది. పాత ఆట 32 బిట్లది, నా లినక్స్ 64 బిట్లది. 32 బిట్ల ప్యాకేజీలు కూడా తీసుకొమ్మని లినక్స్‌కు చెప్పి (దాని భాషలో ఐ386 ఆర్కిటెక్చర్‌ను జోడించి), వైన్32 ప్యాకేజీ వేశాక సెటప్ కదిలింది. తర్వాత ఆట తెరిస్తే నల్లటి తెర. ఆల్ట్, ఎఫ్4 కొట్టి బయటపడితే డెస్క్‌టాప్ 640x480 అనే పాతకాలపు చిన్న తెర కొలతలో ఇరుక్కుపోయి ఉంది. ఒక్కో ఐకాను చపాతీ అంత! వైన్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్ కింద వర్చువల్ డెస్క్‌టాప్‌కు టిక్కు పెట్టి 1024x768 ఇచ్చాను. అప్పటి నుంచి ఆట తన పెట్టెలోనే ఉంటోంది, తెర జోలికి రావడం లేదు.

అసలు తప్పు నాది. మొదటి మిషన్ అయ్యాక, ఇంకా బాగా నడవాలన్న ఆశతో ఎక్కడెక్కడివో ఫైళ్ళు తెచ్చి అదే వైన్ ఫోల్డరులో కుక్కాను. అది పూర్తిగా మొరాయించింది. ఫోల్డరు మొత్తం తీసేసి మళ్ళీ మొదటి నుంచి వేశాను. సేవ్ అయిన మిషన్ కూడా అందులోనే పోయింది. నువ్వు వేసేటప్పుడు ఈ ఆటకు విడిగా ఒక వైన్ ఫోల్డరు పెట్టు. గోంగూరనూ ఆవకాయనూ ఒకే జాడీలో పెడతామా?

ఆ మిషన్ పోయినప్పుడు కోటిరెడ్డి సర్కిల్ దగ్గర మనం వెళ్ళిన నెట్ సెంటర్ గుర్తొచ్చింది. (ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తే ఈ పేరా దాటెయ్. మనం టైపింగ్ నేర్చుకుంటున్నామనే ఆవిడ నమ్మకం.) గంటకు ఇరవై రూపాయలు, ఇద్దరికీ ఒకే కుర్చీ. గురి చూసి కాల్చేది నేను, నడిపించేది నువ్వు. ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. నువ్వు కంగారులో కెమెరా ముందుకు నడిపించేవాడివి, అలారం మోగేది, బ్యారక్స్‌లోంచి సైనికులు వస్తూనే ఉండేవారు. వాళ్ళ నుంచి తప్పించుకుంటే కరెంటు పోయేది. కరెంటు ఉంటే గంట అయిపోయేది. ఇక్కడ కరెంటు పోదు, గంటలు లెక్కపెట్టేవారూ లేరు. అయినా నిన్న అదే కెమెరా ముందుకు వెళ్ళి చచ్చాను. నడిపించడం నాకు చేతకాదురా.

ఇంట్లో పాత కంప్యూటర్‌ను పాత సామాన్ల వాడికి వెయ్యకు. మే నెలలో వస్తున్నాను. ఈలోగా దానిలో లినక్స్ వేసి ఉంచు, సీడీ నేను తెస్తాను. ఎర్ర కారం దోసెలు తిన్నాక కూర్చుందాం. ఈసారి చెరో కుర్చీ.

ఇట్లు,
అక్క